మిసెస్ బెన్నెట్ జమాఖర్చులు

మన సంచిక సంపాదకులు వచ్చి, "ఇంగ్లీషు వాళ్ళు రాస్తే షేక్స్‌పియర్ మీద రాస్తారు, లేకపోతే అసలు రాయరు. ఈసారి అందరూ చదివేట్టు ఏదైనా ఇవ్వండి" అని పురమాయించారు. అందరూ చదివేట్టు అనగానే, నేను రెండుసార్లు చదివి ఒక్కసారే అర్థం చేసుకున్న పుస్తకం ఒకటి గుర్తుకొచ్చింది. జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. బి.ఏ.లో చదివినప్పుడు మార్కులొచ్చాయి, పుస్తకం రాలేదు. ఎం.ఏ.లో చదివినప్పుడు పుస్తకం వచ్చింది. మార్కుల సంగతి ఇంకా తెలియదు.

కథ తెలియనివారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతం. అక్కడ లాంగ్‌బోర్న్ అనే పల్లెలో పెద్ద కుటుంబం బెన్నెట్‌లది. ఐదుగురు ఆడపిల్లలు, మగపిల్లవాడు లేడు. దగ్గరలో వున్న నెదర్‌ఫీల్డ్ బంగళాను బింగ్లీ అనే ధనిక బ్రహ్మచారి అద్దెకు తీసుకుంటాడు. అతని వెంట స్నేహితుడు డార్సీ వస్తాడు. ఇతను ఇంకా ధనికుడు, ఇంకా బిగదీసుకునే మనిషి. పెద్దమ్మాయి జేన్, బింగ్లీ ఒకరినొకరు ఇష్టపడతారు. రెండో అమ్మాయి ఎలిజబెత్‌కీ డార్సీకీ మొదటి రోజే చెడుతుంది. చివరికి రెండు పెళ్ళిళ్ళూ అవుతాయి. సినిమాలు తీసినవాళ్ళు ఎక్కువగా తీసింది ఇదే, గైడ్లు అచ్చేసినవాళ్ళు వేసిందీ ఇదే.

బి.ఏ. పరీక్షలో "మిసెస్ బెన్నెట్ హాస్య పాత్రను చర్చించుము" అని ప్రశ్న వచ్చింది. తెలివితక్కువది, నోటిదురుసు మనిషి, ఏం జరిగినా నా నరాలు నా నరాలు అంటుంది, కూతుళ్ళను ధనవంతులకు అంటగట్టాలని తప్ప వేరే ధ్యాస లేదు అని మూడు పేజీలు రాశాను. క్లాసులో కూడా ఆవిడ మాట్లాడే ఘట్టాలు చదివేటప్పుడు అందరం పగలబడి నవ్వేవాళ్ళం. నేను కాస్త ఎక్కువే నవ్వేదాన్ని. ఎందుకో తర్వాత చెబుతాను.

ఎం.ఏ.లో ఈ నవల చెప్పిన మాస్టారు మొదటి రోజు పాఠం మొదలుపెట్టలేదు. "వచ్చే వారానికల్లా ఈ పుస్తకంలో డబ్బు మాట ఎక్కడెక్కడ వస్తుందో అదంతా ఒక నోటుబుక్కులో ఎక్కించుకు రండి. ఎవరికెంత, ఏడాదికా మొత్తమా, సొంతమా అద్దెదా, అన్నీ" అని వెళ్ళిపోయారు. ప్రేమకథకి పద్దుపుస్తకం ఏవిటా అని నవ్వుకున్నాం. కిరాణా కొట్టు పద్దులా గీతలు కొట్టి నేనూ మొదలుపెట్టాను. ఎవరైనా గదిలోకి అడుగుపెట్టడం ఆలస్యం, వాళ్ళ పేరు పక్కన అంకె వచ్చి నిలబడుతోంది. డార్సీ నాట్యశాలలోకి వచ్చిన ఐదు నిమిషాలకల్లా అతనికి ఏడాదికి 10,000 పౌన్ల రాబడి అని ఆ చివరి నుంచి ఈ చివరికి గుసగుసలు పాకిపోతాయి. అతను అందగాడని అనుకోవడానికి ఆ గుసగుసలు బాగానే సాయపడ్డాయి.

బింగ్లీ రాబడి నాలుగు వేలో ఐదు వేలో అంటారు. నాలుగో ఐదో తేల్చి చెప్పరేం అని మొదట్లో అనుకున్నాను. పద్దు రాస్తుంటే తెలిసింది. అతనికి తండ్రి వదిలిపోయింది దాదాపు లక్ష పౌన్ల రొక్కం. ఆనాడు సర్కారు పత్రాల్లో డబ్బు దాచుకుంటే నూటికి ఏడాదికి నాలుగో ఐదో వడ్డీ వచ్చేది. లక్షకు నాలుగు చొప్పున నాలుగు వేలు, ఐదు చొప్పున ఐదు వేలు. ఊళ్ళో అమ్మలక్కలు ఊరికే అనలేదు, వడ్డీ కట్టి అన్నారు.

ఇక మిస్టర్ బెన్నెట్. భూమి మీద ఏడాదికి 2,000 పౌన్లు. ఇది తక్కువేం కాదు. ఇంట్లో వంటమనిషి, పనివాళ్ళు, గుర్రబ్బండి వున్నాయి. అయితే బండి లాగే గుర్రాలే పొలం పనికీ వెళ్ళాలి. ఒకసారి జేన్ నెదర్‌ఫీల్డ్‌కి భోజనానికి వెళ్ళాల్సివచ్చి బండి అడిగితే, వాన పట్టేట్టుంది గుర్రమెక్కి వెళ్ళు అంటుంది తల్లి. తడిస్తే రాత్రికి అక్కడే వుంచుకుంటారని ఆవిడ ఎత్తు. జేన్‌కి జ్వరం వచ్చి రోజుల తరబడి అక్కడే వుండిపోతుంది. దీనికి మేం ఎంత నవ్వామో చెప్పలేను.

నవ్వు ఆగిపోయింది 'ఎంటెయిల్' అనే మాట దగ్గర. బి.ఏ.లో ఆ మాటకి గైడులో "ఒక రకమైన ఆస్తి చట్టం" అని వుంటే అలాగే బట్టీపట్టాను. అసలు సంగతేమిటంటే, ఎస్టేటు ముక్కలు కాకుండా వంశంలో పెద్ద మగవాడి చేతిలోనే వుండాలని పూర్వీకులు ముందుగానే పత్రం రాసి బిగించేసేవారు. ఇప్పుడు అనుభవిస్తున్నవాడు బతికున్నంత కాలం దాని రాబడి తినవచ్చు. అమ్మడానికి వీల్లేదు, కూతుళ్ళకు రాసివ్వడానికీ వీల్లేదు. అతని తర్వాత ఎవరికి పోవాలో పత్రంలోనే వుంటుంది. లాంగ్‌బోర్న్ మగసంతానం లేకపోతే దూరపు బంధువు కాలిన్స్‌కి పోవాలి. ఇతనొక పాదిరీ. ఆ కుటుంబం అంతవరకూ అతని మొహం కూడా చూసి ఎరగదు. అంటే మిస్టర్ బెన్నెట్ కన్నుమూసిన మర్నాడు ఈ పెద్దమనిషి వచ్చి తల్లినీ ఐదుగురు పిల్లల్నీ బయటికి నడవమన్నా అడిగేవారు లేరు.

మరి వాళ్ళకి మిగిలేదెంత? పెళ్ళినాటి ఒప్పందం ప్రకారం తల్లికీ పిల్లలకీ కలిపి 5,000 పౌన్లు. నూటికి నాలుగు చొప్పున ఏడాదికి 200. రెండు వేలతో నడిచే ఇల్లు రెండు వందలకు దిగుతుంది, అది కూడా ఇల్లు పోయాక. తల్లి తదనంతరం ఒక్కొక్క పిల్లకు వెయ్యి, అంటే ఏడాదికి 40 పౌన్లు. ఈ లెక్క నేను కట్టింది కాదు. కాలిన్స్ ఎలిజబెత్‌ని పెళ్ళాడతానని అడగడానికి వచ్చి, ఆ నోటితోనే నీకు వచ్చేది నాలుగు శాతం పత్రాల్లో వెయ్యి పౌన్లు, అదీ మీ అమ్మ పోయాకే సుమా, అయినా నేను ఒక్కమాట అనను అంటాడు. ఇతగాడి యజమానురాలు లేడీ కాథరిన్ ఇంట్లో ఒక హాలులో చలిమంట గూటికి అయిన ఖర్చే 800 పౌన్లట. అంటే మిసెస్ బెన్నెట్ విధవ అయితే ఆరుగురూ కలిసి నాలుగేళ్ళు బతకాల్సిన డబ్బు. పద్దుపుస్తకంలో ఈ రెండు అంకెలూ ఎదురెదురు గళ్ళలో పడ్డాయి. అప్పుడు నాకు మొదటిసారి ఒళ్ళు ఝల్లుమంది.

క్లాసులో ఒకమ్మాయి లేచి, కోర్టుకి వెళ్ళకూడదా అని అడిగింది. చట్టమే అలా వుంటే కోర్టు ఏం చేస్తుందమ్మా అన్నారు మాస్టారు. మన సంగతీ చెప్పారు. అవిభక్త కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది 1986లో. అదీ అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకు కాదు. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. నవల వచ్చింది 1813లో. దూరం మరీ అంత లేదు అన్నారు.

ఇక తరగతుల మాట. ఇది మనవాళ్ళకి తొందరగా అర్థమయ్యే విషయమే గాని ఒక తేడా వుంది. మన కులం పుట్టుకతో వచ్చి అక్కడే నిలిచిపోతుంది. వాళ్ళ తరగతి కొద్దిగా కదులుతుంది, డబ్బుతో, కాస్త ఆలస్యంగా. భూమి మీద రాబడి తినేవాడు పెద్దమనిషి. వ్యాపారం చేసి సంపాదించినవాడు ఎంత సంపాదించినా ఒక మెట్టు దిగువ. బింగ్లీ తండ్రి లక్ష గడించింది వ్యాపారంలోనే. ఎస్టేటు కొనాలనుకుని కొనకుండానే పోయాడు. అంచేతే కొడుకు అద్దె బంగళాలో వున్నాడు. కాని అతని చెల్లెళ్ళకి ఈ సంగతి గుర్తుండదు. బెన్నెట్ పిల్లల మేనమామ గార్డినర్ లండన్‌లో చీప్‌సైడ్ దగ్గర తన గోదాముల ఎదుటే కాపురం వుంటాడని ఇకిలిస్తారు. నిన్న మెట్టెక్కినవాళ్ళకే కింద మెట్టు మీద అంత అసహ్యం. నవల చివర బింగ్లీ ఎస్టేటు కొంటాడు. తండ్రి తలపెట్టింది కొడుకు హయాంలో పూర్తయిందన్నమాట.

డార్సీకి బిరుదేం లేదు గాని తల్లి ఒక ఎర్ల్ కూతురు. అతను మొదటిసారి ఎలిజబెత్‌ని పెళ్ళాడమని అడిగేటప్పుడు ప్రేమ ఎంత వుందో చెప్పిన దానికన్నా, మీ వాళ్ళ స్థాయి తలుచుకుని ఎంత వెనకాడానో చెప్పిందే ఎక్కువ. ఆమె ఛీకొట్టి పంపుతుంది. ఇది అందరికీ తెలిసిన ఘట్టం, నేను విడమర్చనక్కర్లేదు. 10,000 పౌన్లను కాదన్న పిల్లకి వెనకాల వున్నది ఏడాదికి 40 అని గుర్తుపెట్టుకుని మళ్ళీ ఒకసారి చదవమని మాత్రం మనవి.

నాకు డార్సీ కన్నా షార్లెట్ లూకస్ మీద ఎక్కువ చెప్పాలని వుంది. ఎలిజబెత్‌కి ప్రాణస్నేహితురాలు. 27 ఏళ్ళు, అందగత్తె కాదు, ఆస్తి లేదు. ఎలిజబెత్ కాలిన్స్‌ని వద్దన్న మూడు రోజుల్లోపే షార్లెట్ అతన్ని ఒప్పుకుంటుంది. బి.ఏ.లో నేను ఈమెని "ఆదర్శం లేని స్త్రీ" అని రాశాను. ఎం.ఏ.లో చదివినప్పుడు ఆ ఇంట్లో వాళ్ళ సంతోషం దగ్గర ఆగాను. తల్లి వెంటనే, మిస్టర్ బెన్నెట్ ఇంకా ఎన్నేళ్ళు బతుకుతాడో అని లెక్కలు వేయడం మొదలుపెడుతుంది. చెల్లెళ్ళకి తాము నలుగురిలోకి వచ్చే రోజు ఏడాదో రెండేళ్ళో ముందుకు జరిగిందని ఆశ. అక్క పెళ్ళి కాకుండా ఇంట్లో ముసలిదైపోతుందన్న భయం తీరిందని తమ్ముళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఇంటిల్లిపాదీ సంతోషించారు, ఒక్కరూ కూడా ఆ పిల్ల సుఖం కోసం కాదు. తర్వాత ఎలిజబెత్ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు షార్లెట్ తాను కూర్చోవడానికి వెనకవైపు గది ఏర్పాటు చేసుకుని వుంటుంది. ముందు గది విశాలంగా వుంది, ఇదెందుకు పెట్టుకుందా అనుకుంటుంది ఎలిజబెత్. రోడ్డు కనిపించే గది మొగుడిది. ముందు గదిలో తను కూర్చుంటే అతను మాటిమాటికీ వచ్చి కబుర్లు చెబుతాడు. వెనక గదైతే రాడు. ఆస్టిన్ దీనిమీద వ్యాఖ్యానం పెంచలేదు, గది చూపించి వూరుకుంది. నాకైతే నవలలోకెల్లా బరువైన గది అదే.

ఇక్కడ రచయిత్రి సొంత సంగతి కొంచెం చెప్పాలి. జేన్ ఆస్టిన్ 1775లో ఒక పాదిరీ ఇంట పుట్టింది. 1802 డిసెంబరులో ఒక ఎస్టేటు వారసుడు పెళ్ళాడమని అడిగితే సాయంత్రం సరేనంది, తెల్లవారి కాదంది. 1805లో తండ్రి పోయాక తల్లి, ఇద్దరు కూతుళ్ళు అన్నదమ్ములు పంపే డబ్బు మీద అద్దె ఇళ్ళలో, బంధువుల ఇళ్ళలో గడిపారు. 1809లో ఒక అన్న చాటన్‌లో చిన్న ఇల్లు ఇచ్చాడు. అతన్ని ధనిక బంధువులు దత్తు తీసుకున్నారు, ఆ ఇల్లు ఆ ఆస్తిలోదే. అంటే షార్లెట్ ఎరిగిన భయం, ఎలిజబెత్ చేసిన తిరస్కారం రెండూ ఆమెకి స్వయంగా తెలుసు. ఈ నవల మొదటి రూపాన్ని ఇరవయ్యొకటో ఏట రాసింది. తండ్రి ఒక ప్రచురణకర్తకి ఉత్తరం రాస్తే చదవకుండానే వద్దన్నాడు. చివరికి 110 పౌన్లకు హక్కులు అమ్ముకుంది. ఆమె అడుగుదామనుకున్నది 150. అచ్చయిన పుస్తకం మీద ఆమె పేరు లేదు. డార్సీ రాబడిని రోజుల లెక్కన భాగిస్తే 110 పౌన్లు అతనికి నాలుగు రోజుల్లో వస్తాయి. ఈ భాగహారం నేనే చేశాను, మాస్టారు చెప్పలేదు.

లిడియా సంగతి కూడా పద్దులోనే అర్థమవుతుంది. ఆఖరి కూతురు, పదహారేళ్ళకే వికమ్ అనే సైనికాధికారితో లేచిపోతుంది. పెళ్ళి కుదిర్చిన ఖర్చు రహస్యంగా డార్సీ భరిస్తాడు. వికమ్ అప్పులు తీర్చడానికి వెయ్యి పైన, లిడియా పేర మరో వెయ్యి, పైగా సైన్యంలో కొత్త కొలువు కొనిపెట్టాలి. తండ్రిని అడిగింది మాత్రం ఏడాదికి వంద. ఆయన లెక్క చూసుకుంటే, పిల్ల ఇంట్లో వున్నా తిండికీ, చేతిఖర్చుకీ, తల్లి చాటుగా ఇచ్చేదానికీ దాదాపు అంతే అవుతోంది. నష్టం పది పౌన్లు కూడా లేదు. కూతురి పరువు పోయిన వేళ తండ్రికి తేలిన లెక్క ఇది.

మరి మిసెస్ బెన్నెట్? ఆవిడ తెలివైనదని నేను వాదించను. వున్న రాబడి వున్నట్టు ఖర్చుపెట్టిస్తుంది. లిడియాను చెడగొట్టింది ఆవిడే. ఎంటెయిల్ అంటే ఏమిటో జేన్, ఎలిజబెత్ ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి ఎక్కదు, అన్యాయం అన్యాయం అని గోలపెడుతుంది. చట్టం అర్థం కాలేదు గాని దాని ఫలితం ఆ ఇంట్లో పగలూ రాత్రీ తలుచుకునేది ఆవిడ ఒక్కతే. ఎలిజబెత్ చమత్కారాలు మనకి ముద్దొస్తాయి. తండ్రి వ్యంగ్యం ఇంకా ముద్దొస్తుంది. ఆయన గ్రంథాలయంలో తలుపేసుకుని కూర్చుని భార్యని వెక్కిరిస్తుంటే మనం ఆయన పక్షాన కూర్చుని నవ్వుతాం. పక్షం ఎంచుకున్నామని మనకే తెలియదు.

నేను ఎందుకు ఎక్కువ నవ్వేదాన్నో చెబుతానన్నాను. మేం ముగ్గురం ఆడపిల్లలం, నేను నడిపిదాన్ని. మాది క్వార్టర్సు ఇల్లు, నాన్న ఉద్యోగం వున్నంత వరకే మాది. అమ్మ నోట నేను ఎక్కువసార్లు విన్నమాట "మీ నాన్న రిటైరయ్యేలోగా" అన్నదే. బి.ఏ. రెండో ఏడు ఒక బంధువుల పెళ్ళిలో నా స్నేహితురాళ్ళు కూడా పంక్తిలో వుండగా, అమ్మ ఎదురు వరసలో వున్న ఒకావిడని "మీవాడికి కటింగులు పోను చేతికెంత వస్తుందండీ?" అని పంక్తంతా వినబడేట్టు అడిగింది. ఆకులో అన్నం నాకు గొంతు దిగలేదు. నెదర్‌ఫీల్డ్ విందులో తల్లి గొంతు పెంచి మాట్లాడుతుంటే ఎలిజబెత్ సిగ్గుతో చచ్చిపోయే ఘట్టం ఆ తర్వాత నెలకే క్లాసులో వచ్చింది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు పద్దుపుస్తకం తీసుకెళ్ళాను. రాత్రి భోజనాల దగ్గర అమ్మ, "ఇంగ్లీషు ఎం.ఏ. అంటావు, లెక్కలు రాస్తావేమే?" అంది. కథ చెప్పాను. రెండు వేలు, ఐదుగురు పిల్లలు, ఇల్లు ఇంకొకడిది, చివరికి మిగిలేది రెండు వందలు. అమ్మ వింటూ వడ్డిస్తూ, ఆవిడ పేరైనా అడగకుండా, "పెళ్ళయి ఎన్నేళ్ళయిందన్నావు?" అంది. ఇరవై మూడన్నాను.

"ఇరవై మూడేళ్ళు ఆ మహానుభావుడు ఏం చేస్తున్నట్టు? ఏటా కాస్త వెనకేసుకోకూడదూ?" అంది.

నాన్న ఎప్పుడూ ఇలాంటి మాటలకి ఏదో ఒక ఛలోక్తి విసిరేవారు. ఆ రోజు కంచంలోకి చూస్తూ మెల్లిగా, "కొడుకు పుడతాడనుకున్నాడేమోలే" అన్నారు.

నవల 50వ అధ్యాయంలో ఆస్టిన్ చెప్పిన కారణం అక్షరాలా అదే. కొడుకు పుడతాడు, వాడు పెద్దవాడయ్యాక తండ్రీ కొడుకూ కలిసి ఆ ఎంటెయిల్‌ని రద్దు చేస్తారు, అప్పుడు భార్యకీ తక్కిన పిల్లలకీ ఏర్పాటు చేయొచ్చు, అంచేత పొదుపు దేనికి అనుకున్నాడు మిస్టర్ బెన్నెట్. ఐదుగురు కూతుళ్ళు పుట్టి, ఇక కొడుకు లేడని తేలేసరికి పొదుపు చేసే వేళ మించిపోయింది.

ఇది నాన్నకి తెలియదు, ఆయన ఆ పుస్తకం చదవలేదు. నేనూ చెప్పలేదు. అమ్మ మజ్జిగ పోసింది. అక్క లేచి కంచాలు తీసింది.